దిమ్మిస పడని మన్ను

నాగావళిలో సువర్ణముఖి, వేగావతి వచ్చి కలిసే సంగమానికి కాస్త ఎడంగా, రాజాం పోయే దారిలో ఒక ఊరుండేది. ఏటి నీరు ఆ ఊరికి ఎక్కదు. కొండ మీంచి దిగే గెడ్డ ఒక్కటే ఆధారం. ఆ గెడ్డకి అడ్డంగా ఏనాటివాళ్లో కట్ట వేశారు. కట్ట వెనక చెరువు, చెరువు కింద వరి. చెరువు ఏ ఒక్కరి సొత్తూ కాదు. నీరు అందరిదీ, గట్టు పనీ అందరిదీ.

గట్టు పనికి ఆ ఊళ్లో ఒక వాడుక ఉంది. వైశాఖంలో చెరువు అడుగంటగానే ఇంటికి ఇన్ని బారల చొప్పున వంతులు వేసుకుంటారు. ఎవరి వంతులో వాళ్లు మన్ను పోయాలి. ఏ మన్ను పడితే ఆ మన్ను పనికిరాదు. చెరువు గర్భంలో తవ్విన బంకమన్నే కావాలి. పోసినది కుప్పగా వదిలెయ్యకూడదు. బెత్తెడు మందాన పరిచి, నీళ్లు చిలకరించి, దిమ్మిసతో కొట్టాలి. అది బిగిశాక ఆపైన మరో బెత్తెడు. కింది పొర బిగియకముందే పై పొర వేస్తే ఆ రెండిటి నడుమే నీరు దారి చూసుకుంటుంది.

దిమ్మిస కొట్టేవాళ్లు ఆరుగురు. వాళ్లకి జీతం లేదు. కోతలయ్యాక ఇంటికో కుంచం గింజలు కొలిస్తే కొలిచినట్టు, లేకపోతే లేదు. వాళ్లకి పెద్ద మదుం తాత. మదుం తలుపు ఎప్పుడెత్తాలో, ఎప్పుడు దించాలో చూసేది ఆయనే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. రోజూ పొద్దు వాలేవేళకి ఆయన గునపం పట్టుకుని గట్టు పొడవునా నడిచేవాడు. కొత్తగా పోసిన చోట గునపం గుచ్చి చూసేవాడు. జానెడు దిగితే "మల్లీ కొట్టండి" అనేవాడు. దిగకపోతే ఏమీ అనకుండా ముందుకి సాగేవాడు. ఆయన ఏమీ అనకపోవడమే ఆ ఊళ్లో పెద్ద మెప్పు.

పిల్లలకీ వంతు ఉండేది. చిన్న తట్టల్లో మన్ను తెచ్చి తాత ముందు దింపేవారు. ఆయన పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపి, "ఇది ఇసక కలిసిన మన్నురా బావూ, వరదకి జారిపోద్ది. అదుగో, ఆ తుమ్మ మొదల్లో తవ్వు" అని చూపించేవాడు. ఆ తట్టెడు మన్నుతో గట్టు ఏమంత పెరగదు. కానీ అలా తిప్పి పంపించుకున్న పిల్లలే పెద్దయ్యాక దిమ్మిస పట్టారు. ఆ ఆరుగురూ అలా తయారైనవాళ్లే.

ఆ ఊరి కుర్రాడొకడు రోడ్డు పనులకి భువనేశ్వరం దాకా వెళ్లి, పొక్లెయిను నడపడం నేర్చుకుని, అప్పు చేసి సొంతంగా ఒకటి కొనుక్కుని ఊరికి వచ్చాడు. మంచివాడు. ఊరికి ఏదైనా చెయ్యాలని మనసులో ఉన్నవాడు.

"తాతా, మీరందరూ నెల్లాళ్లు సేసే పని నాను రెండు రోజుల్లో సేసేత్తాను. డబ్బులొద్దు. మన సెరువే కదా" అన్నాడు.

ఊరు సంబరపడింది. మండుటెండలో తట్ట మొయ్యాలని ఎవరికుంటుంది? పొద్దున్నే పొక్లెయిను తవ్వడం, ట్రాక్టర్లు గట్టెక్కి తొట్టి ఎత్తడం, మధ్యాహ్నానికి నాలుగు ఇళ్ల వంతులు అయిపోవడం. ఆ సంగతి విని మిగతా ఇళ్లవాళ్లూ "మా వంతూ నువ్వే పోసెయ్" అన్నారు. పొరుగూళ్లలో ఉన్న బంధువులు కూడా, తమకి మడి లేకపోయినా, పుణ్యం వస్తుందని తలా ఒక బండి పోయించి తమ పేరు చెప్పించుకున్నారు. పిల్లల తట్టలు అటకెక్కాయి. మూడో రోజుకి గట్టు మీద మనిషెత్తు కుప్పలు లేచాయి.

ఆ కుప్పల ముందు దిమ్మిస జట్టు నిలబడిపోయింది. తట్టలతో తెచ్చే రోజుల్లో మన్ను వచ్చే వేగమూ, కొట్టే వేగమూ సరిపోయేవి. ఇప్పుడు వాళ్లు ఒక కుప్ప పరిచి కొట్టేలోగా పది కుప్పలు పడుతున్నాయి. తాత పొద్దు వాలాక మొదలుపెట్టిన నడక అర్ధరాత్రి అయినా తెమలడం లేదు. పైకి చూస్తే అన్నీ గట్టులాగే ఉన్నాయి. నున్నగా, ఎత్తుగా, చేత్తో వేసిన దానికన్నా అందంగా ఉన్నాయి. గునపం గుచ్చితే తప్ప తెలియదు. ప్రతి అడుగులోనూ గుచ్చడానికి ఆయన చేతుల్లో సత్తువ లేదు. జట్టులో ఇద్దరు మానేశారు. "ఎవులు పోసినారో తెలీని మన్నుకి మా నడుములు ఎందుకు ఇరగ్గొట్టుకోవాల?" అన్నారు. వాళ్లని ఆగమనడానికి తాతకి నోరు రాలేదు.

అంతలో పక్క ఊరివాళ్లు వచ్చారు. "మా మెట్టలో మన్ను తవ్వుకొచ్చేసినారు. మమ్మల్ని ఒక్క మాటైనా అడిగినారా?" అన్నారు. కుర్రాడు అడగలేదు. మన్ను కనబడిన చోటల్లా తవ్వాడు. ఏ బండి ఎక్కడిదో వాడికే గుర్తు లేదు. గట్టులో కలిసిపోయిన మన్నుని వేరు చేసి తిరిగి ఇవ్వడం ఎవరి తరం? ఆ ఏడాది చెరువు చేపల పాట డబ్బు మొత్తం పక్క ఊరికి ఒప్పజెప్పి తగువు తీర్చుకున్నారు.

ఆశ్వయుజం వచ్చింది. 2014లో అక్టోబరు 12న హుద్‌హుద్, 2018లో అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు ఈ తీరాన్ని తాకాయి. ఆ రోజులు చూసినవాళ్లు దసరా దాపుల్లో వచ్చే గాలివానని తేలిగ్గా తీసుకోరు. ఆ యేడూ వాయుగుండం పట్టింది. రెండు రాత్రులు తెరపి లేని వాన. గెడ్డ పొంగి చెరువు నిండింది. రెండో రాత్రి రెండు కుప్పలు కలిసిన చోట గట్టుకి బుంగ పడింది. మొదట వేలెడు ధార, చూస్తుండగానే చెయ్యి పట్టేంత.

తాత కేకేశాడు. "ఈ వంతు ఎవులిది? ఎవులు పోసినారు? అడుగున ఏ మన్నుంది?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ వంతు ఇంటివాడు, "నాకేటి తెలుసు తాతా? మిషను పోసింది" అన్నాడు.

మిషను ఇంటి దగ్గర టార్పాలిను కప్పుకుని ఉంది. చీకట్లో, వానలో, నడుంలోతు నీళ్లలో గడ్డి మోపులూ ఇసుక బస్తాలూ పట్టుకుని నిలబడింది జట్టులో మిగిలిన ఆ నలుగురే. తెల్లారేసరికి గట్టు సగం మిగిలింది. దిగువ మడులు ముప్పై ఎకరాల మేర ఇసక మేటేశాయి.

నీరు తీశాక ఊరంతా రామమందిరం ముందు కూర్చుంది. కొందరు కోపంతో ఉన్నారు. "ఇక మీద మిషను గట్టెక్కడానికి వీల్లేదు. మన తాతలు మిషన్లతో కట్టినారేటి?" అన్నారు. కొందరు దానికి ఎదురు తిరిగారు. "మన్ను మన్నే. తట్టతో పోస్తే ఒకటీ, మిషనుతో పోస్తే ఒకటీనా? నియమాలు పెట్టుకుంటూ కూకుంటే గట్టెప్పుడు లేస్తాది?" అన్నారు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు చివరి మడి ముసలమ్మ లేచింది. పెనిమిటి లేడు, కొడుకు చెన్నపట్నంలో తాపీ పనికెళ్లాడు, మోకాళ్లు వంగవు.

"నా వంతూ మిషను మన్నే. ఎల్లి సూడండి, తెగిందేమో" అంది.

వెళ్లి చూశారు. తాత గునపం గుచ్చాడు. దిగలేదు. రెండు చోట్ల గుచ్చాడు, మూడు చోట్ల గుచ్చాడు, దిగలేదు.

"ఏం సేసినావప్పా?" అని అడిగాడు.

"సెయ్యడానికి నా దగ్గర ఏటుంది తమ్ముడా? ఏ గుంటలోది తెత్తన్నావని కుర్రోణ్ణి అడిగినాను. ఇసక కనబడిన బండిని తిప్పి పంపించేసినాను. ఒక బండి పోయించి, అది పరిచి కొట్టేదాకా రెండో బండిని గట్టెక్కనివ్వలేదు. తట్ట మొయ్యలేను గానీ, కూకుని సూడగలను కదా. అది నా వంతు. తెగితే నన్నే కదా అడుగుతారు."

కుర్రాడు తల వంచుకుని, "అందరూ మామ్మలాగ అడిగుంటే నానూ అలాగే పోసేవోణ్ణి. ఎవులూ అడగలేదు, నానూ సెప్పలేదు" అన్నాడు.

మదుం తాత చాలాసేపు ఆలోచించి అన్నాడు: "తట్టకీ నోరు లేదు, మిషనుకీ నోరు లేదు. వరద రాత్రి 'ఇది నా వంతు' అని గట్టు మీద నిలబడేది మనిషి. ఆ మనిషి ఎవులో మన్ను పడకముందే తేలాల. మిగతా నియమాలన్నీ దాని ఎనకాతలే."

ఆ సాయంత్రమే మందిరం గోడ మీద సున్నంతో ఆరు మాటలు రాశారు. మన్ను పోసేవాళ్లు అది ఎక్కడ తవ్వినదో చెప్పాలి. చెప్పలేని మన్ను గట్టెక్కదు. మిషనుతో తెస్తే మిషనుతో తెచ్చామని చెప్పాలి; అందులో చిన్నతనం లేదు, దాచడమే తప్పు. దిమ్మిస జట్టు ఒక రోజులో ఎంత కొట్టగలదో ఆ రోజుకి అంతే మన్ను. ఎవరి పేర మన్ను పడిందో వాళ్లే తొలి వరదకి ఆ వంతులో కాపలా; "మిషను పోసింది" అన్న మాట చెల్లదు. మదుం చుట్టూ పది బారల మేర మిషను రాకూడదు, అక్కడ ప్రతి పిడికెడూ తెలిసిన చేతులే వెయ్యాలి. పిల్లల వంతు పిల్లలదే. పెద్దల తట్టా, మిషనూ రెండూ దాని జోలికి పోకూడదు. వీటి కింద ఇంకో మాట కూడా చేర్చారు: తాత వద్దంటే వద్దు, కారణం చెప్పమని ఆయన్ని గంటసేపు నిలబెట్టకూడదు.

మరుసటి వైశాఖంలో కుర్రాడి మిషను చెరువు గర్భంలో పూడిక తీసింది. బంకమన్ను ఒకచోట పోగేసింది. అక్కడినుంచి జట్టు కొట్టగలిగినంతే గట్టెక్కింది. మిషను ఇష్టారాజ్యంగా పోసిన ఏటి కన్నా గట్టు తక్కువే లేచింది, తట్టల కాలం కన్నా ఎక్కువే లేచింది. మానేసిన ఇద్దరూ తిరిగి వచ్చారు. ఆశ్వయుజంలో ఒక రాత్రి ఒకచోట చెమ్మ కనిపించింది. ఆ వంతు కాపలా ఉన్న ఇంటివాళ్లకి అడుగున ఏ మన్ను ఉందో, ఏ రోజు కొట్టారో తెలుసు. కేక వేసిన కాసేపటికే పూడ్చేశారు.

గెడ్డ అవతలి ఊరివాళ్లు మాత్రం తమ చెరువు మీదకి మిషనునే రానివ్వమని తీర్మానించుకున్నారు. వాళ్లకి దిమ్మిస కొట్టేవాళ్లు ఇద్దరే. ఇవతలి కుర్రకారు అది విని నవ్వితే తాత ఒప్పుకోలేదు. "ఇద్దరే ఉన్నప్పుడు నానూ అదే సెప్పేవోణ్ణి. వాళ్ల గట్టు బరువు వాళ్లకి తెలుసు" అన్నాడు.

నీతి

ఈ కథలోని చెరువు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. దాని కోడ్ అందరికీ కనబడుతుంది, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సవరణ పంపొచ్చు. అదెక్కడో దూరాన ఉన్న వ్యవహారం అనుకోకండి. ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు వత్తు అక్షరం కింద సరిగా కూర్చుంటోందంటే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ పనిముట్టు వల్లే. శ్రీకాకుళం గడ్డ మీద పుట్టిన గిడుగు పేరునా, విజయనగరంలో బతికిన గురజాడ పేరునా సిలికానాంధ్ర తెచ్చిన ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సుతోనే వచ్చాయి. స్వేచ్ఛ సంస్థ కంప్యూటరుని తెలుగులో పలికించింది కూడా ఈ ఉమ్మడి సొత్తు మీద నిలబడే. ఈ నీళ్లు మనమూ తాగుతున్నాం.

దిమ్మిస జట్టు ఆ ప్రాజెక్టుల మెయింటెయినర్లు. వచ్చిన ప్రతి సవరణనీ చదివి, పరీక్షించి, కలపాలో వద్దో తేల్చేవాళ్లు. చాలామంది ఉద్యోగం ముగించుకుని, రాత్రి పూట, జీతం లేకుండా ఆ పని చేస్తారు. పొక్లెయిను ఏఐ. వంద వరుసల కోడ్ ఇప్పుడు నిమిషంలో పుడుతుంది. దాన్ని చదివి అర్థం చేసుకోవడానికి మాత్రం మనిషికి నిన్న పట్టిన సమయమే నేడూ పడుతుంది. వేళ్లతో రాసిన కాలంలో రాసే కష్టమే ఒక జల్లెడగా పనిచేసేది. ఇప్పుడా కష్టం తీరిపోయింది. జల్లెడ పట్టే భారమంతా చదివేవాళ్ల మీద పడింది.

నిజానికి ఈ వరదకి ముందే ఒక చినుకు పడింది. 2020 అక్టోబరులో, కొన్ని సవరణలు పంపితే టీషర్టు ఇస్తామన్న హాక్టోబర్‌ఫెస్ట్ కోసం అర్థంలేని సవరణలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. నిర్వాహకులు ఆ నెల మొదటి వారంలోనే నియమం మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామన్నారు. ఏఐ లేని రోజుల్లోనే అంత జరిగింది.

కర్ల్ ప్రాజెక్టు చూడండి. ఇంటర్నెట్టు మీద డేటా తెచ్చిపెట్టే ఈ పనిముట్టు 1998 నుంచి ఉంది. లెక్కలేనన్ని పరికరాల్లో పనిచేస్తోంది. భద్రతా లోపం చూపించినవాళ్లకి 2019 నుంచి బహుమతి ఇచ్చేవారు. ఏఐ అల్లిన, పైకి పాండిత్యంగా కనబడే ఉత్తుత్తి ఫిర్యాదులు వచ్చిపడి జట్టు అలసిపోయింది. ప్రాజెక్టు పెద్ద డేనియల్ స్టెన్‌బర్గ్ చివరికి 2026 జనవరితో ఆ బహుమతుల పథకమే ముగించారు. అదే స్టెన్‌బర్గ్ 2025 సెప్టెంబరులో ఒక పరిశోధకుడు ఏఐ పనిముట్లతో పట్టి పంపిన లోపాల జాబితాని మెచ్చుకున్నారు. దాని ఆధారంగా దాదాపు 50 సవరణలు చేశారు. మిషను రెండు చోట్లా ఉంది. రెండో చోట, వంతు పక్కన కూర్చుని ఏ బండి పనికొస్తుందో చూసుకున్న మనిషి కూడా ఉన్నాడు.

మన్ను ఎక్కడిదన్న ప్రశ్నా ఉట్టిది కాదు. 2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ తమ కోడ్ లినక్సు అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కలిసిందని వాదిస్తూ ఐబీఎం మీద కోర్టుకెక్కింది. ఆ మరుసటి ఏడు నుంచి లినక్సుకి సవరణ పంపే ప్రతి ఒక్కరూ "దీన్ని పంపే హక్కు నాకుంది" అని తమ పేరుతో సంతకం పెట్టాలన్న పద్ధతి వచ్చింది. ఏఐ నేర్చుకున్నది లక్షల మంది రాసిన కోడ్ నుంచి. అందులో ఎవరి లైసెన్సు ఏమిటో అది చెప్పదు. అప్పుడు ఆ సంతకం ఏ ధైర్యంతో పెట్టాలి? క్యూఈఎంయూ ప్రాజెక్టు 2025లో ఏఐ రాసిన కోడ్ తీసుకోబోమని తీర్మానించడానికి కారణం ఇదే. అంతకు ముందే 2024 ఏప్రిల్‌లో జెంటూ లినక్స్ దాన్ని నిషేధించింది. అదే ఏడు నెట్‌బీఎస్‌డీ, అటువంటి కోడ్‌ని మచ్చపడినదిగానే ఎంచుతామనీ, ముఖ్య బృందం ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప కలపకూడదనీ రాసుకుంది. వీళ్లని పాతకాలపువాళ్లని ఎగతాళి చేసేవాళ్లు గెడ్డ అవతలి ఊరిని చూసి నవ్విన కుర్రకారులాంటివాళ్లు.

ఇంకొందరు మందిరం గోడ మీద రాసిన దారి పట్టారు. ఫెడోరా 2025 అక్టోబరులో ఏఐ సాయం తీసుకోవచ్చని ఒప్పుకుంది. కానీ పంపినదానికి పూర్తి పూచీ పంపిన మనిషిదే అంది, ఏఐ పాత్ర ఉంటే చెప్పమంది. లినక్సు కెర్నల్ పత్రాల్లోనూ ఇదే మాట: ఏఐ సాయాన్ని వేరే గుర్తుతో తెలపాలి, సంతకం మాత్రం మనిషే పెట్టాలి, ఏఐ పెట్టకూడదు. కొత్తవాళ్లు నేర్చుకోవడానికని విడిగా ఉంచిన చిన్న పనులు ఏఐతో చెయ్యకూడదని ఎల్‌ఎల్‌వీఎం రాసుకుంది. ఆ చిన్న పనులు అయిపోవడం ఎవరికీ అంత అవసరం కాదు. రేపు దిమ్మిస పట్టే చేతులు అక్కడే తయారవుతాయి.

మదుం లాంటి కీలకమైన చోట్ల సంగతీ మరవకూడదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టులో దొంగదారి బయటపడింది. దాన్ని దాదాపు ఒంటిచేత్తో చూసుకుంటున్న మెయింటెయినర్ అలసటని ఆసరా చేసుకుని, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి ఎవరో ఆ దొంగదారి పెట్టారు. లాగిన్ కాస్త ఆలస్యమవుతోందని అనుమానించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వల్ల పట్టుబడింది. దిమ్మిస కొట్టేవాడి నడుం విరిగితే గట్టుకి ఏ ముప్పైనా రావొచ్చు. అందుకే, నియమం రాసేటప్పుడు మొదట అడగాల్సినది: వచ్చినదాన్ని చూసేవాళ్లు ఎందరు, వాళ్లు రోజుకి ఎంత చూడగలరు? ఆ లెక్క తేలకుండా ఏఐ మంచిదా చెడ్డదా అని వాదించడం వల్ల ఏ ప్రాజెక్టూ బాగుపడదు.

తెలుగువాళ్లమైన మనకి ఇంకో బాధ్యత ఉంది. తెలుగుకి సంబంధించిన సవరణ వచ్చినప్పుడు దాన్ని చూసే మెయింటెయినర్‌కి చాలాసార్లు తెలుగు రాదు. మన మాట నమ్మి కలుపుతాడు. మన లిపి ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది: జ్ఞా గుణింతం ఒకానొక రూపంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. అది ఓపెన్ సోర్సు కాదు, అప్పట్లో ఏఐ ప్రమేయమూ లేదు. అంత పెద్ద సంస్థే తడబడిన చోట, ఏఐ అల్లిన తెలుగు అనువాదాన్నో, అక్షరాలు పేర్చే కోడ్‌నో మనం చదవకుండా పంపితే పట్టుకునే రెండో మనిషి అక్కడ ఉండడు. ఆ గట్టు మీద గునపం మన చేతిలోనే ఉంది.

ఎచ్చెర్లలో, రాజాంలో, టెక్కలిలో, విజయనగరంలో ఇంజినీరింగు చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పగలిగినది ఇది. ఏఐని వాడండి. పూడిక తీయడానికి, అర్థం కాని కోడ్ విప్పి చూపించుకోవడానికి, పరీక్షలు రాయడానికి అది మంచి సాయం. అయితే మీరు సవరణ పంపే ప్రాజెక్టు నియమం ఏమిటో ముందు చదవండి. వద్దన్న చోట వద్దు. సాయం తీసుకుంటే తీసుకున్నామని రాయండి. ప్రతి వరుసా ఎందుకలా ఉందో, మీ మాటల్లో, తెరవైపు చూడకుండా చెప్పగలిగాకే పంపండి. మొదటి సవరణ చిన్నదే పంపండి. దాన్ని తిప్పి పంపితే నొచ్చుకోకండి, అలా తిప్పి పంపినవాడు మీకోసం తన రాత్రిలో కొంత ఇచ్చాడు. కలిపాక రేపు ఎవరైనా లోపం చూపిస్తే మీరే ముందు జవాబివ్వండి.

ప్రాజెక్టులు నడిపేవాళ్లకి ఒక్క మాట. నియమం లేకపోవడం ఉదారత్వం కాదు. అది మీ జట్టు నడుము మీద వేసే పన్ను. మీ బలం తక్కువైతే తలుపు మూయండి, అందులో తప్పు లేదు. తెరవదలిస్తే పేరు, చోటు, పరిమితి, పూచీ నాలుగూ రాసి తెరవండి. వద్దనే హక్కు మీ దగ్గరే ఉంచుకోండి.

ఉమ్మడి సొత్తుకి ఏ పనిముట్టుతో ఎంత పోశామన్నది లెక్క కాదు. పోసినది నాదని నిలబడే మనిషీ, దాన్ని బిగించే చేతులూ ఉన్నంత మేరకే అది నిలుస్తుంది. నిలబడలేనిది పోయకు, బిగించలేనంత తీసుకోకు.